ఎడమకాలు ఉత్తసాలు

నా మోకాళ్ళ గురించి నాకంటే మా ఊరికే ఎక్కువ తెలుసు. బస్సు దిగి ఇల్లు చేరేలోగా కనీసం ముగ్గురు మందు చెప్తారు. ఒకరు నల్లేరు పచ్చడి తినమంటారు. ఇంకొకరు పారిజాతం ఆకు కాచి తాగమంటారు. మూడోవాళ్ళు చెప్పేది మందు కూడా కాదు. "వయసు మీద పడిందిగా, ఇక కాళ్ళు ముడుచుకుని ఓ మూల కూర్చో" అంటారు. ముడుచుకోగలిగితే నాకీ గోలంతా ఎందుకు? ముడవలేకపోవడమేగా నా రోగం!

గుంటూరులో ఎముకల డాక్టరమ్మ రెండు ఎక్స్‌రేలనీ వెలుతురుకి పెట్టి చూపించింది. చిన్న వయసు, మంచి మనిషి, ఎన్నిసార్లు అడిగినా విసుక్కోదు. "రెండు మోకాళ్ళలోనూ గుజ్జు అరిగిపోయిందమ్మా. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అని లేదు. కింద కూర్చోవద్దు, గొంతుక్కూర్చోవద్దు, కుర్చీ వాడండి. ఆపరేషన్ సంగతి ముందు ముందు చూద్దాం" అంది. బరువు తగ్గమంది, తొడల్లో బలం రావడానికి వ్యాయామం చేసి చూపించింది. నేను అన్నిటికీ తలూపాను. మా ఆయన చెవికి మాత్రం ఒకటే మాట ఎక్కింది. కుర్చీ.

బస్సు చిలకలూరిపేట దాటింది. ఆయన నోరు విప్పాడు. (ఎదురుగా 'మీరు' అంటాను. రాసేటప్పుడు 'విప్పాడు' అనే రాస్తాను. ఈ ఒక్కచోటైనా నా ఇష్టం.)

"మిరపచేను కౌలుకిచ్చేద్దామే. అడిగేవాడు ఉండనే ఉన్నాడు. ఉగాదికి మాటిచ్చేస్తే సరి."

ఆ చేను నాది. దర్శికి దగ్గర్లో మా ఊరి పొలిమేరలో ఉన్న నల్లరేగడి చెక్క, మా అమ్మ నాకు పసుపు కుంకుమ కింద రాసిచ్చింది. నాది మేనరికం, పుట్టిందీ మెట్టిందీ ఒకటే ఊరు, అందుకని ఆ చేను నా చెయ్యి దాటిపోలేదు. మిగతా పొలమంతా మా ఆయన మాట మీద నడుస్తుంది. ఈ చెక్కలో మాత్రం ఏ విత్తనం పెట్టాలో, ఎప్పుడు తడి ఇవ్వాలో, ఏ మందు కొట్టాలో నేను చెప్తాను. ఇంట్లో ఇవాళ ఏం కూర వండాలన్నా నలుగుర్ని అడిగేదాన్ని, అక్కడ ఎవర్నీ అడగను. కౌలుకిచ్చాక గట్టు మీద నిలబడి చూసినా అది ఇంకొకరి చేనే. నాకు కోపం వచ్చిందని ఆయన అనుకున్నాడు. కోపం తర్వాత వచ్చింది, ముందు భయం వేసింది.

"ఉగాది దాకా ఆ ఊసెత్తకండి" అన్నాను. "అప్పటికి కాయకోతలు, తాలు ఏరడం అన్నీ నేను దగ్గరుండి కానిచ్చానా, చేను నాదే. కానివ్వలేకపోయానా, మీ ఇష్టమొచ్చినవాడికి ఇచ్చుకోండి."

"మొండిదానివే నువ్వు" అన్నాడు. కిటికీలోంచి బయటికి చూస్తూ, "పొద్దున్నే మంచం దిగేటప్పుడు నువ్వు పెట్టే కేక వినలేకపోతున్నానే" అన్నాడు. అబద్ధమైతే పోట్లాడేదాన్ని. అన్నది నిజమే.

సరే, మందులు చెప్పేవాళ్ళు ఇంతమంది ఉన్నారుగా. చూద్దాం ఎవరి మందులో ఎంత పస ఉందో అనుకున్నాను. అయితే గుడ్డిగా నమ్మను. నాకో పద్ధతి ఉంది.

పురుగుమందుల కొట్టు అతను ఏటా ఏదో కొత్త డబ్బా తెస్తాడు. "అమ్మగారూ, ఇది కొట్టారంటే నల్లి పేరు కూడా వినపడదు" అంటాడు. కొంటాను. చేనంతా కొట్టిస్తాను, ఒక్క రెండు సాళ్ళు తప్ప. ఆ రెండు సాళ్ళకి ఏ మందూ తగలనివ్వను. అలా వదిలేసిన సాలుని మేము ఉత్తసాలు అంటాం. మా అమ్మా అలాగే వదిలేది. చేనంతా బాగుండి ఉత్తసాలు పాడైతే మందు మంచిది. చేనూ ఉత్తసాలూ ఒకేలా ఉంటే, నల్లి దానంతటదే పోయిందన్నమాట, మందు గొప్ప ఏమీ లేదు. కొట్టు అతనికి నేను చేలోంచి వస్తున్నానంటే ముఖం మాడిపోతుంది.

ఆ లెక్కనే కుడి మోకాలికి మందు, ఎడమ మోకాలు ఉత్తసాలు అని తీర్మానించాను. రెండూ ఒకేలా అరిగాయని డాక్టరమ్మ చెప్పనే చెప్పింది. ఇక రోజూ పొద్దున్నే అరుగు మెట్లు దిగేటప్పుడు ఒకసారి కుడికాలు ముందు, ఒకసారి ఎడమకాలు ముందు పెట్టి చూసుకునేదాన్ని, ఏది ఎక్కువ సణుగుతుందో అని.

"మోకాలేమన్నా మిరపచేనా?" అని మా ఆయన ఒకటే నవ్వు. "కుడికాలికి పెళ్ళికూతురి సేవ, ఎడమకాలు సవతి బిడ్డ. పాపం కదే!"

"సవతి బిడ్డే సాక్ష్యం చెప్పేది, చూస్తూ ఉండండి" అన్నాను.

మొదటి మందు మా తోడికోడలిది. నాకంటే పెద్దది, పుట్టిల్లు కనిగిరి. ఇప్పుడు చీరాలలో చీరల కొట్టు పెట్టుకుని ఉంటున్నారు. ఆవిడకీ మోకాళ్ళ నొప్పులే. మేమిద్దరం ఫోనులో మాట్లాడుకున్నామంటే అరగంట మోకాళ్ళే, పిల్లల ఊసు చివర్లో. "జిల్లేడాకు ఆముదం రాసి, పెనం మీద వెచ్చజేసి కట్టవే. మా నాయనమ్మ లేచి పరిగెత్తింది" అంది. కట్టాను. వాళ్ళ నాయనమ్మ ఎందుకు పరిగెత్తిందో తెల్లారేసరికి అర్థమైంది. మోకాలు బొబ్బలెక్కింది. ఆకు పాలు తగిలాయేమో నాకు తెలియదు, ఆ బొబ్బలు మానేదాకా ఉత్తసాలే నయమనిపించింది.

తర్వాత వావిలాకు వేసి కాచిన నీళ్ళు పోసుకున్నాను. పోసుకుంటున్నంతసేపూ స్వర్గం. మోకాలు చల్లారగానే స్వర్గమూ చల్లారేది. మర్నాడు ఎడమకాలి మీద వేణ్ణీళ్ళు ఒక్కటే పోసి చూశాను, ఆకు లేకుండా. అంతే హాయి! అంటే ఆ సుఖం వేడిది, ఆకుది కాదు. నల్లేరు నేతిలో వేయించి పచ్చడి చేశాను. నోట్లోకి వెళ్ళేదానికి ఉత్తసాలు వదలడం కుదరదు కదా, రెండు కాళ్ళకీ పోతుంది. పచ్చడి మాత్రం భలే రుచి. కాళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి.

అప్పుడొచ్చింది పొడి. కనిగిరి వెళ్ళే రోడ్డు పక్కన గుడారం వేసుకుని ఒకతను అమ్ముతున్నాడని మా ఆయనే తెచ్చాడు, పాపం ప్రేమగానే. అడవి మూలికలట. రెండు మూడు రోజులు తిన్నానో లేదో, నొప్పి ఎవరో చేత్తో తీసేసినట్టు పోయింది. రెండు కాళ్ళూ! చేను చుట్టూ గట్టు మీద తిరిగాను. కింద కూర్చుని లేచాను. ఆనందం పట్టలేక ఏడ్చాను కూడా. మా ఆయన మీసం మెలేశాడు. నాకు మాత్రం లోపల ఎక్కడో పీకుతూనే ఉంది. ఏ మందుతోనైనా ఇంత తొందరగా చేనంతా పచ్చబడిందంటే అందులో ఏదో కలిపారనే నా అనుభవం.

వారాలు గడిచేకొద్దీ ముఖం ఉబ్బింది. బుగ్గలు నున్నగా తేలాయి. "ఒళ్ళు చేశావమ్మా, అత్తగారు బాగా పెడుతున్నారా" అని ఈ వయసులో వేళాకోళాలు. అద్దంలో చూసుకుంటే నేను కాదు. పొడి పొట్లం కొంగున కట్టుకుని గుంటూరు వెళ్ళాను. డాక్టరమ్మ పొట్లం చూసి, నా ముఖం చూసి, రక్త పరీక్ష చేయించింది. ఎప్పుడూ లేని షుగరు కనపడింది. "ఇందులో స్టెరాయిడ్ కలిపి ఉంటారమ్మా, అందుకే అంత తొందరగా తగ్గింది. ఇంత కాలం తిన్నారు కాబట్టి ఒక్కసారిగా ఆపకూడదు, నేను మాత్రలిచ్చి మెల్లగా తగ్గిస్తాను" అంది. తగ్గించింది. ముఖం దిగింది, షుగరు దిగింది, నొప్పి మాత్రం బాకీ వసూలుకి వచ్చినట్టు తిరిగొచ్చింది. ఆ గుడారం కోసం మా ఆయన కర్ర తీసుకుని వెళ్ళాడు. గుడారం లేదు, గుంజలు పాతిన గుంటలున్నాయి.

"ఇంక చాల్లేవే. కాళ్ళ కోసం ప్రాణం మీదకి తెచ్చుకుంటావా? కౌలు మాట ఇచ్చేస్తాను" అన్నాడు.

"ఉగాది ఇంకా రాలేదు" అన్నాను.

కోతలు మొదలయ్యాయి. వంగి కోయడం నా వల్ల కాలేదు, నిజమే చెప్తున్నా. కూలీలు కోశారు. కానీ కల్లంలో ఎండిన కాయ దగ్గర కూర్చుని తాలు ఏరడం ఇంకొకరికి వదల్లేదు. తెల్లబడిన తాలుకాయ ఒక్కటి మంచికాయలో కలిసినా గుంటూరు మిరప యార్డులో రంగు పోయిందంటారు. ఆ కన్ను నాకుంది. కిందే కూర్చున్నాను, కాళ్ళు చాపుకుని, నొప్పిని తిట్టుకుంటూ. సాయంత్రం ఇంటికొచ్చి చేతులు కడుక్కుని, వావిలాకు రసం వేసి కాచిన నువ్వులనూనె కుడి మోకాలికి మర్దనా చేసుకునేదాన్ని. ఇక అదొక్కటే మిగిలింది నా దగ్గర.

అదేమిటో, కుడి మోకాలు తేరుకోవడం మొదలుపెట్టింది. మెల్లగా, రోజురోజుకీ కొంచెం. మంత్రం వేసినట్టు కాదు, పొలంలో నీరు ఇంకినట్టు. అరుగు దిగేటప్పుడు ఎడమకాలు కేక పెట్టించేది, కుడికాలు గొణిగి ఊరుకునేది. ఉత్తసాలు ఉత్తసాలులాగే ఉంది, మందుసాలు పచ్చబడింది. ఇంకేం కావాలి సాక్ష్యం! కల్లంలో కనపడిన ఆడవాళ్ళందరికీ నూనె పోసిచ్చాను. వాళ్ళకీ నయమైంది. కాలవ గట్టున ఉన్న వావిలి పొదని రెమ్మ మిగలకుండా దూసేశారు. నేను కాస్త తలెగరేసుకుని తిరిగిన మాట వాస్తవం.

మా తోడికోడలు అక్కకి ఓ సీసా పంపాను. కొన్నాళ్ళకి చీరాల నుంచి ఫోను.

"ఒసేయ్, అసలు నూనె నువ్వుంచుకుని నాకు తేటనూనె పంపావా?"

"ఒకే మూకుట్లో కాచింది అక్కా!"

"అయితే నా మోకాళ్ళేమన్నా పాపం చేశాయా? వీసమెత్తు గుణం లేదే."

నాకు ఒళ్ళు మండింది. నా నూనెని అంటుందా! "నువ్వు రా. నా చేత్తో రాస్తాను, అప్పుడు మాట్లాడు" అన్నాను. ఆవిడా మొండిదే, శివరాత్రి వెళ్ళాక బస్సెక్కి వచ్చేసింది. నేను కల్లం నుంచి వచ్చేసరికి అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. చేతులు కడుక్కుని, నూనె తీసుకుని, ఆవిడ కుడి మోకాలికి కసిదీరా మర్దనా చేశాను.

కాసేపటికి అక్క ముఖం రంగు మారింది. "ఏంటే ఇది! మంట! అమ్మో మంటే! ఏం పోశావే నా కాలికి?" అని లేచి, నిజంగానే వాళ్ళ నాయనమ్మలా పరిగెత్తింది. కొబ్బరినూనె, మజ్జిగ, తడిగుడ్డ, ఇల్లంతా గోల. నాకు ఏమీ అర్థం కాలేదు. అదే నూనె రోజూ నా కాలికీ రాసుకుంటున్నాను, వెచ్చగా ఉంటుందంతే. మా ఆయన నా చెయ్యి పట్టుకుని వాసన చూసి గట్టిగా తుమ్మాడు.

"పొద్దుణ్ణుంచీ మిరపకాయల్లో ముంచిన చేతులే ఇవి! నీళ్ళతో కడిగితే కారం పోతుందా? నీకు తెలియదు, నీ చర్మానికి అలవాటైపోయింది. కొట్లో చీరలు మడతపెట్టుకునే మనిషే ఆవిడ!"

నవ్వు, సిగ్గు రెండూ ఒక్కసారే వచ్చాయి. ఆ పూట అన్నం కూడా అక్క నా చేత వడ్డించుకోలేదు. పొద్దున్నే అరుగు మెట్లు దిగి, ఆగి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ దిగింది. "ఏమే," అంది చిరాగ్గా, "కుడికాలు నొప్పి తగ్గిందే."

అప్పుడు తట్టింది నాకు. కల్లంలో నయమైన ఆడవాళ్ళందరివీ కారం పట్టిన చేతులే. చీరాలలో నయం కానిది అక్కకే. మళ్ళీ పరీక్ష పెట్టాను. కొన్నాళ్ళు మా ఆయన చేత అదే నూనె రాయించుకున్నాను. ఆయన కల్లం వైపు చూడనైనా చూడడు కాబట్టి ఆ చేతులకి కారం ఎక్కడిది? కుడి మోకాలు మళ్ళీ మొదటికొచ్చింది. తిరిగి నా చేతులతో రాసుకున్నాను, తేరుకుంది. వావిలాకు ఊరికే పేరు కొట్టేసింది. మందు నా చేనుదే.

ఇది చెప్తే డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలి హాయిగా నవ్వింది. మిరపకారంలో ఉండే ఘాటుతో చేసిన పూతమందు మందుల కొట్లలో ట్యూబుల్లో ఉంటుందట. "కానీ పచ్చి కారం అలా రాయకండమ్మా, చర్మం కాలిపోతుంది. పొరపాటున కళ్ళకి తగిలితే ఇంకేమైనా ఉందా! ట్యూబు రాసిస్తాను, అది కొలతగా ఉంటుంది" అంది. తర్వాత నవ్వు ఆపి, నిజం దాచకుండా చెప్పింది. "ఇది నొప్పిని తగ్గిస్తుంది. అరిగిన గుజ్జు మాత్రం రాదు."

ఎప్పటిలాగే మా ఆయన చెవికి ఒకటే మాట ఎక్కింది.

ఉగాది రానే వచ్చింది. చేలో ఆఖరి కోత కాయ ఇంకా కల్లంలో ఉంది. పచ్చడి నోట్లో వేసుకుని నేను కల్లానికే వెళ్ళాను. అప్పటికి అక్కడో ఏర్పాటు చేసుకున్నాను. మంచం వేసి, దాని మీద పట్టా పరిచి, కాయ ఎత్తు మీద పోయించి, పక్కన కుర్చీ వేసుకుని తాలు ఏరడం. మొదట్లో "దొరసాని వచ్చింది" అని ఆడవాళ్ళు నవ్వారు. నవ్వుకోనీ. కుర్చీలో కూర్చోమన్నారు, కూర్చున్నాను. ఆ కుర్చీ టీవీ ముందు వేసుకోవాలా, కల్లంలో వేసుకోవాలా అన్నది మాత్రం నేను చెప్తాను.

మధ్యాహ్నానికి మా ఆయన, కౌలు అడిగేతను ఇద్దరూ కొత్త చొక్కాలతో వచ్చారు. కౌలతను మంచివాడే, వరసకి తమ్ముడవుతాడు. "బాగున్నావా అక్కా" అని పలకరించి, కాయ చేతిలోకి తీసుకుని రంగు చూశాడు. మా ఆయన గొంతు సవరించుకున్నాడు.

"చూడవే, నేను అడ్డం చెప్పట్లేదు. ఉగాది దాకా ఆగమన్నావు, ఆగాను. కానీ డాక్టరమ్మ ఏమంది? గుజ్జు రాదంది. నొప్పి తగ్గినా అరిగింది అరిగినట్టే. ఇవాళ కారం రాసుకుని వచ్చావు, రేపు?"

"కారం రాసింది కుడికాలికి" అన్నాను.

"అదే అంటున్నా."

"ఎడమకాలికి ఏం రాశాను?"

కౌలతను ఆయన వంకా నా వంకా చూశాడు.

"ఏమీ రాయలేదు. మీరేగా సవతి బిడ్డన్నారు. జిల్లేడు లేదు, వావిలి లేదు, కారం లేదు. పొద్దున్నే నేను పెట్టే కేకంతా దానిదే. ఆ కాలు ఒక్కరోజు ఇంటి దగ్గర ఉండిపోయిందా? కుడికాలు మందుతో వచ్చింది, సరే. ఎడమకాలు ఏ మందుతో వచ్చింది? నొప్పితోనే వచ్చింది. ఉత్తసాలు కూడా కాసిందండీ. మీరు చేనంతా చూశారు, ఉత్తసాలు వైపు చూడలేదు."

కౌలతను చేతిలో కాయ మెల్లగా పట్టా మీద పెట్టేసి, "బావా, నేనింకో చేను చూసుకుంటాలే" అన్నాడు. మా ఆయన తువ్వాలు దులిపి మళ్ళీ భుజాన వేసుకున్నాడు.

నేను కుర్చీ పట్టుకుని లేచాను. చేలో ఒక మూల పండుకాయ కొంచెం మిగిలిపోయింది, చూసి రావాలి. కల్లం దాటితే గట్టు, గట్టు దిగితే నా చేను. పెళ్ళై అత్తగారింట్లోకి వచ్చినప్పటి నుంచీ గడప దాటేటప్పుడల్లా కుడికాలు, కుడికాలు అని చెప్పించుకున్నదాన్నే. గట్టు మీద ఆగాను. ఎడమకాలు ముందు పెట్టాను.

"పండగపూట ఎడమకాలేంటే!" అని వెనక నుంచి మా ఆయన కేక.

నొప్పి జివ్వున నడుం దాకా లాగింది. పెట్టిన కాలు వెనక్కి తీయలేదు.